వేలిముద్ర కింద నా సంతకం

పోయిన నెలలో ఒక మంగళవారం మా పక్కింటావిడ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, నూటెనభై ఏళ్ల కిందట ఇంగ్లండులో ఏదో మారుమూల పల్లెలో పెళ్లి చేసుకున్న ఒక పిల్ల కోసం నేను ఏడ్చాను. డెబ్బై ఆరేళ్లొచ్చాక, ఊరూ పేరూ తెలియని మనిషి కోసం, అదీ అమెరికాలోని ఫ్రీమాంట్‌లో కూర్చుని ఏడవడమేమిటని మీకు నవ్వు రావచ్చు. నాకూ ఆ క్షణంలో సిగ్గేసింది. కళ్లలో చుక్కలు వేసుకునే వేళయిందని చెప్పి లేచి వచ్చేశాను. ఆవిడకు చెప్పనిది మీకు చెబుతున్నాను, ఎందుకంటే మన ఈడు వాళ్లకైతే ఉత్తరమంటే ఏమిటో, నిశానీ అంటే ఏమిటో విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

పక్కింటావిడ తెల్లావిడ, ఎనభై దాటింది. వాళ్ల అమ్మ తరఫు వాళ్లు ఆ ఇంగ్లండు పల్లె నుంచి వచ్చారట. అక్కడి చర్చి పెళ్లి రిజిస్టరు పేజీలన్నీ ఎవరో ఫొటోలు తీసి ఇంటర్నెట్లో పెడితే, తన వంశమంతా అందులో వెతుక్కోవాలని ఆవిడ కోరిక. తీరా చూస్తే ఆవిడకు చూపు ఆనదు, వాళ్ల మనవలకు కలిపి రాసిన ఇంగ్లీషు చదవడం రాదు. ఇక్కడి బళ్లలో ఆ రాత నేర్పడం ఎప్పుడో మానేశారట. మా మనవరాలు కూడా ఒకసారి తొంగిచూసి, "అమ్మమ్మా, ఇది ఇంగ్లీషేనా? నాకు ఒక్క వర్డ్ కూడా రావట్లేదు" అంది. ముప్ఫై అయిదేళ్లు ఆస్పత్రుల్లో నర్సుగా డాక్టర్ల చేతిరాత చదివినదాన్ని, నాకు ఆ పాదిరీ రాత ఒక లెక్కా? అలా మంగళవారం మంగళవారం నేను చదవడం, ఆవిడ పెద్ద పెద్ద అక్షరాలు పెట్టుకుని లాప్‌టాప్‌లో కొట్టడం మొదలైంది. ఆవిడ పాలు లేని టీ ఇస్తుంది, నేను జంతికలు పట్టుకెళతాను. ఆ టీకి జంతికలే గతి.

మీరు అలాంటి రిజిస్టరు చూశారో లేదో. పేజీకి రెండు పెళ్లిళ్లు. వరుడి పేరు, వధువు పేరు, వయసు, వరుడి పని, ఇద్దరి తండ్రుల పేర్లు, వాళ్ల పనులు. చాలామంది కూలివాళ్లే, మధ్యమధ్య ఒక గొర్రెల కాపరి, ఒక కమ్మరి. మూడు ఆదివారాలు గుళ్లో ప్రకటన చదివాక ఈ పెళ్లి జరిగిందని ఒక వరుస. అడుగున సంతకాలు. రాయడం రానివాళ్లు ఇంటూ మార్కు పెడితే, దాని చుట్టూ పాదిరీ 'ఇది ఫలానా వారి గుర్తు' అని రాసేవాడు. మా చర్చిలో కూడా అచ్చం ఇలాగే మూడు ఆదివారాలు ప్రకటన చదివేవారని చెబితే పక్కింటావిడ ఎంత ఆశ్చర్యపోయిందో. మీ వాళ్లు వచ్చి నేర్పిపోయిందేగదమ్మా అనబోయి, టీ ఇస్తున్న మనిషిని ఎందుకు నొప్పించాలని ఊరుకున్నాను.

ఆ రోజు ఒక పేజీలో అక్క పెళ్లికి సాక్షిగా ఒక పిల్ల సంతకం చేసింది. గుండ్రటి అక్షరాలు, చివర్న పేరు కిందుగా లాగిన ఒక తోక, చూడముచ్చటగా ఉంది. రెండేళ్ల తర్వాత పేజీలో అదే పిల్ల పెళ్లి. వరుడు కూలివాడు, ఇంటూ మార్కు పెట్టాడు. దాని కింద ఆ పిల్లది కూడా ఇంటూ మార్కే. పక్కింటావిడ, అదే పేరుతో ఇంకో అమ్మాయి ఉండి ఉంటుందంది. తండ్రి పేరు చూశాను, తండ్రి పని చూశాను, అన్నీ అవే. అయితే చేతికి ఏ దెబ్బో తగిలి ఉంటుందిలే అంది. ఆ పిల్ల చేతికి ఏ దెబ్బా తగల్లేదని నాకు తెలుసు, ఎందుకంటే మా అక్క చేతికీ తగల్లేదు.

మా నాన్న పోయాక అమ్మ మిషన్ బోర్డింగులో వంటమనిషిగా చేరింది. అక్కా నేనూ ఆ బోర్డింగులోనే పెరిగాం. అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. నాకు అక్షరాలు దిద్దబెట్టింది పంతులమ్మ కాదు, అక్క. వంటింటి బయట నేలమీద పిండి చల్లి, నా వేలు పట్టుకుని రాయించేది, తప్పు రాస్తే చేత్తో సాపు చేసి మళ్లీ రాయించేది. అక్క దస్తూరి ఎంత బాగుండేదంటే, ప్రార్థన హాలు గోడమీద వాక్యం రాయాల్సి వస్తే హెడ్మిస్ట్రెస్ గారు పెద్ద క్లాసు వాళ్లను కాదని అక్కనే నిచ్చెన ఎక్కించేవారు. ఎనిమిదో తరగతి అయ్యేసరికి అమ్మకు కీళ్లవాతం ముదిరి చేతులు పట్టుతప్పాయి. అక్క బడి మానేసి గరిటె పట్టుకుంది. ఆ గరిటె మీదే నేను టెన్తు పాసయి నర్సింగులో చేరాను. ఈ మాట నేను అందరితో చెబుతాను. ఇకమీద చెప్పబోయేది మాత్రం ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు.

అక్కకు సంబంధం మా మేనత్త తెచ్చింది. కనిగిరి వైపు మెట్ట ఊరు. అబ్బాయి తాపీమేస్త్రీ, తల్లీతండ్రీ లేరు, అన్నావదినల దగ్గర ఉంటాడు. చదువుకున్న పిల్లయితే సిమెంటు గమేళా ఎత్తదు, మాకొద్దని ఆ వదినగారు ముందే చెప్పిందట. దానికేం, మా పిల్లకు అక్షరం ముక్క రాదని మేనత్త మాటిచ్చి వచ్చింది. వచ్చాక ఆ సంగతి మాకు చెబితే అమ్మ లబోదిబోమంది. అక్క మాత్రం నవ్వేసి, రాదంటే వచ్చింది ఎటు పోతుందే అంది. మా చర్చిలో మూడు ఆదివారాలు ప్రకటన చదివారు. ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పవలెనని ఉపదేశిగారు అన్నప్పుడల్లా మేనత్త నావైపు ఒక చూపు చూసేది. అదేదో పెద్ద విషయమని నాకప్పుడు తోచలేదు.

పెళ్లి వాళ్ల ఊరి చర్చిలోనే జరిగింది. చర్చి అంటే ఏమనుకునేరు, నాపరాళ్ల కప్పు, అలికిన నేల, నలభైమంది కూర్చుంటే నిండిపోతుంది. ప్రార్థన అయ్యాక పొరుగూరి నుంచి వచ్చిన అయ్యగారు బల్లమీద రిజిస్టరు తెరిచి, కలం బావ చేతికివ్వబోయారు. బావ రెండు అరచేతులూ పంచెకు తుడుచుకుని, నిశానీ అండి అన్నాడు, ముందు వరుసకు కూడా వినపడనంత నెమ్మదిగా. వెనక ఎవరో, గోడ నున్నగా రుద్దుతాడు గానీ గీత గీయలేడని వేళాకోళం చేస్తే నలుగురు నవ్వారు. బావ తల దించుకున్నాడు. చెవులు కందిపోయాయి. వేలికి సిరా పూసుకుని ముద్ర వేసి, పక్కకు తప్పుకున్నాడు.

అయ్యగారు కలం అక్కకిచ్చారు. అక్క అందుకుంది. రాయడం వచ్చిన చెయ్యి కలాన్ని ఎలా పట్టుకుంటుందో అలాగే పట్టుకుంది, నేను పక్కనే ఉన్నాను, చూశాను. కాగితం మీదకు వంగి, ఒక్కసారి బావ వైపు చూసి, కలం బల్లమీద పెట్టేసి సిరాలో వేలు అద్దింది. నేను అక్కా అన్నాను. నా వైపు చూసి చిన్నగా తల ఊపింది. అంతే, ముద్ర పడిపోయింది. ఆ తర్వాత సాక్షిగా నన్ను పిలిచారు. అప్పటికి నర్సింగు బళ్లో చేరి మూడు నెలలే అయింది, నా ఇంగ్లీషు మీద నాకు మహా మోజు. ఆ వేలిముద్ర కింద నా పూర్తి పేరు కలిపిరాతలో రాసి, కిందుగా తోక కూడా లాగాను. చెల్లెలు బాగా చదువుకుందే అని అయ్యగారు మెచ్చుకున్నారు.

బయటికి వచ్చాక అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఎవురితోనన్నా అన్నావంటే నా మీద ఒట్టు" అంది. ఎందుకిలా చేశావని నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే, "ఆయన మొహం చూళ్ళేదటే నువ్వు? అంతమందిలో ఆయన తలొంచుకుని నిలబడితే, పక్కన నేను తలెత్తుకుని రాయాల్నా?" అంది.

ఒక్క పూటకి ఆడిన అబద్ధం అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. ఆగలేదు. మర్నాటి నుంచి అక్క చదువురాని మనిషయింది. చర్చిలో పాటల పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని పాడేది. స్త్రీల కూటంలో వాక్యం చదవమంటే పక్కావిడకు అందించేది. నేను రాసిన ఉత్తరం పోస్టుమాన్ తెస్తే ఎదురింటి బడిపిల్లను పిలిచి, వాకిట్లో మంచం వేసి చదివించుకునేవాళ్లు. ఇరుగూపొరుగూ అంతా చేరి వినేవాళ్లు. జవాబు అక్క చెబుతుంటే ఆ పిల్లే రాసేది. నాకు రాయడం నేర్పిన మనిషి నుంచి ఇంకొకరి వంకర రాతలో 'ఇక్కడ అందరమూ క్షేమము' అని ఉత్తరం వస్తే నాకు ఒళ్లు మండిపోయేది. ఆ మంటంతా బావ మీదకు మళ్లించాను. పాపం ఆయన చేసిందేమీ లేదు. అక్కను ఒక్క మాట అనేవాడు కాదు, గమేళా ఎత్తనిచ్చేవాడు కూడా కాదు. అయినా నా దృష్టిలో ఆయన మా అక్కను వేలిముద్ర మనిషిని చేసినవాడు.

ఏడేళ్ల తర్వాత నాకు ఇక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. చూసిపోదామని అక్క దగ్గరికి వెళితే, తిరుగుప్రయాణంలో పెట్టె నెత్తిన పెట్టుకుని కనిగిరి బస్టాండు దాకా బావ వచ్చాడు. బస్సు రావడానికి చాలా సేపుంది. బావ ఎప్పుడూ నాతో నాలుగు మాటలకు మించి మాట్లాడింది లేదు. ఆ రోజు పెట్టె మీద చెయ్యి వేసి, ఎటో చూస్తూ మొదలుపెట్టాడు.

"మీ అక్కకు చదువొచ్చని నాకు తెల్సు అమ్మాయ్. పెళ్లైన యాడాదికే తెల్సు. పొయ్యికాడ కూర్చుని నీ ఉత్తరం చదువుకుంటంటే చూశా. నా అడుగు చప్పుడు ఇని గబాల్న పొయ్యిలో పెట్టింది. నా కోసమే దాస్తంది. నాకేం నామోషీ లేదని నువ్వు చెప్పు. నేను చెప్తే ఇన్నాళ్లు దాచిందానికి సిగ్గుపడి చచ్చిపోద్ది. నువ్వైతే బాగుంటది."

సరే బావా అన్నాను. బస్సెక్కాను. ఉత్తరంలో ఎలా రాయను చెప్పండి. నువ్వు చదవగలవని బావకు తెలుసు అని నేను రాస్తే, అది వాకిట్లో మంచం మీద కూర్చుని ఎదురింటి పిల్ల పదిమందికీ వినిపించే మాటా? అందుకని, ఊరికి వెళ్లినప్పుడు చెవిలో చెబుదామనుకున్నాను. అయిదేళ్లకు గానీ వెళ్లలేకపోయాను. వెళ్లాక మూడు వారాలు ఉన్నాను. అక్కతో ఒంటరిగా ఎన్నిసార్లు కూర్చున్నానో. అప్పుడు కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే నిజమే చెబుతాను, మనసొప్పలేదు. చెబితే అక్క కళ్లలో ఆయన దేవుడైపోతాడు. నా అక్క చదువు మట్టిపాలు చేసిన మనిషికి నేనెందుకు మంచిపేరు మోసుకురావాలనిపించింది. ఎంత నీచమైన బుద్ధో చూడండి.

అప్పుడు బావ చర్చి వెనకగోడకు సిమెంటు పూసి గిలాబు చేస్తున్నాడు. నేను అటుగా వెళితే పిలిచి, చుట్టూ చూసి, తడిగోడ మీద మేకుతో ఏదో గీశాడు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆయన పేరు. ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తులో ఉంది గానీ, తప్పు లేదు. అక్క కూతురికి అప్పుడు ఎనిమిదేళ్లు, అది పాఠం బిగ్గరగా చదువుతుంటే పక్కన బీడీ కాలుస్తున్నట్టు కూర్చుని నేర్చుకుంటున్నాడట. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక్క వాక్యం తప్పుల్లేకుండా చదవడం వస్తే అప్పుడు అక్క పక్కన కూర్చుని చదివి వినిపిస్తానన్నాడు. తాపీతో ఒక్క రుద్దు రుద్ది పేరు చెరిపేశాడు. చెరిపేసి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఆ మాట మీ అక్కతో చెప్పావా అమ్మాయ్?"

"చెప్పాను బావా" అన్నాను.

ఏమందని అడిగితే, ఏమీ అనలేదు, నవ్వి ఊరుకుందన్నాను. ఇన్నాళ్లూ చెప్పలేదని ఒప్పుకోవడానికి మొహం చెల్లక నోటికొచ్చింది అనేశాను. ఇవాళో రేపో ఎలాగూ చెబుతాను గదా, అప్పుడు నిజమే అవుతుందిలే అనుకున్నాను. బావ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి కూడా నేను ఆ సాయంత్రం అక్కతో చెప్పలేదు. ఇంట్లో చుట్టాలున్నారు, రేపు చూద్దామనుకున్నాను. తర్వాత ప్రయాణం తొందర, తర్వాత మళ్లీ వచ్చినప్పుడు అనుకోవడం. మళ్లీ వెళ్లేలోపు, బావ ప్రభువు దగ్గరికి వెళ్లాడని టెలిగ్రాం వచ్చింది. పక్షవాతం వచ్చి రెండు నెలలు మంచంలో ఉన్నాడట. ఆస్పత్రిలో సెలవు దొరకలేదు. ఏడాది తర్వాత వెళ్లి అక్కను పట్టుకుని ఏడ్చి వచ్చాను. ఆయన పోయాక చెప్పి ప్రయోజనమేమిటని అప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలా నలభై ఏళ్లు దాటిపోయింది.

ఆయన పోయాక కూడా అక్క చదువురాని మనిషిగానే ఉండిపోయింది. కూతురు పక్కన కూర్చుని తప్పు రాస్తుంటే, ఇంకోసారి చూసుకోవే అనేదే గానీ తప్పెక్కడో చూపించేది కాదు. ఇప్పుడు అక్క ఒంగోలులో ఆ కూతురి దగ్గరే ఉంటోంది. కూతురు బడిలో పంతులమ్మ. తల్లికి చదువొచ్చని ఆ కూతురికి ఇవాళ్టికీ తెలియదు.

ఆ మంగళవారం పక్కింటావిడ దగ్గర్నుంచి వచ్చి, కాసేపు కుర్చీలో కూర్చుని, అక్క కూతురు బడికి వెళ్లే వేళ చూసుకుని అక్కకు వీడియో కాల్ చేశాను. ఇప్పుడు అక్కతో మాట్లాడాలంటే ఎదురింటి పిల్ల అక్కర్లేదు, వాకిట్లో మంచం అక్కర్లేదు, మధ్యలో ఇంకో మనిషి చెవి పడనక్కర్లేదు. ఎదురెదురుగా మొహాలు చూసుకుంటూ ఏ మాటైనా అనుకోవచ్చు. ఆ రోజుల్లో ఈ సౌకర్యం ఉంటే చెప్పి ఉండేదాన్నా అని అడిగితే, ఏమో, నా బుద్ధి అప్పుడు అలాంటిది.

అంతా చెప్పాను. బస్టాండు సంగతి, తడిగోడ సంగతి, నేనాడిన అబద్ధం కూడా. చెప్పడం నా గుండె బరువు దించుకోవడానికే తప్ప ఆమెకు మేలు చెయ్యడానికి కాదని, సగం చెప్పాక గానీ నాకు తట్టలేదు. అప్పటికే ఆగే దారి లేదు. తెరమీద అక్క బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు, కళ్లు ఆర్పుతోంది.

"మంచంలో ఉన్నప్పుడు ఒకరోజు పాప పలక కావాలని సైగ చేశాడు" అంది. "మాట పడిపోయింది గదా. ఎడం చేత్తో తంటాలు పడి నా పేరు రాశాడు. నాకు గుండె ఆగినంత పనైంది, ఈ మనిషి ఎప్పుడు నేర్చాడా అని. పలక నా ముందు పెట్టి చూస్తన్నాడు. ఇన్నేళ్లు లేంది ఇప్పుడెందుకు ఆయన్ని చిన్నబుచ్చటం అని, నాకేం తెలుసయ్యా, పాపను పిలుస్తా ఉండు అన్నాను. పాప వచ్చేసరికి చేత్తో తుడిచేశాడు. మళ్లీ పలక అడగలా. నా మొహంలోకి ఒక చూపు చూశాడే, ఎందుకట్టా చూశాడో ఇన్నేళ్లు నాకర్థం కాలా."

నేను అక్కా అన్నాను, ఆ పెళ్లిరోజు అన్నట్టే. నేను చెప్పేశాననుకునే ఆయన ఆ పలక అక్క ముందు పెట్టాడు. తిట్టమన్నాను. నువ్వు మాత్రం ఏం చేస్తావులే, చిన్నదానివి అంది. అక్కడ పొద్దుపోయినట్టుందే, అన్నం తిన్నావా అని అడిగింది. తినలేదంటే, తినుపో, నీరసపడతావు అని తనే ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత నాలుగైదుసార్లు మాట్లాడుకున్నాం. అక్క మామూలుగానే ఉంది. మోకాళ్ల నొప్పుల గురించి చెబుతుంది, చర్చిలో కొత్తగా వచ్చిన అయ్యగారి గురించి చెబుతుంది, మా మనవరాలు ఏం తింటుందో అడుగుతుంది. ఈ నలభై ఏళ్లలో అక్క నాతో ఏ కబురు మొదలుపెట్టినా, 'మీ బావ ఉన్నప్పుడైతే' అని మొదలుపెట్టేది, వాన గురించైనా, వంకాయల గురించైనా. ఇప్పుడు ఆ మాట అనడం లేదు.